లైబ్రరీ తరగతి పాఠాలను తెలుగులో తయారుచేసి పంచడం ఎలా?

ప్రశ్న: చిత్తూరులోని ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాలలో గ్రంథపాలకురాలిగా పనిచేస్తున్నాను. ఏటా కొత్తగా చేరిన విద్యార్థులకు సమాచారాన్ని ఎలా వెతకాలో, ఎలా సరిచూసుకోవాలో చెప్పే తరగతులు తీసుకుంటాను. ఇన్నాళ్లూ ఒక అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయం పేజీల నుంచి తీసుకున్న ఇంగ్లీషు స్లైడ్లతో నెట్టుకొచ్చాను. మా పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు కాబట్టి అవి వారికి అందడం లేదు. తెలుగులో నేనే పాఠాలు తయారుచేసి మిగతా కళాశాలల లైబ్రేరియన్లకు కూడా ఉచితంగా ఇవ్వాలని ఉంది. కానీ కొన్ని సందేహాలు. నెట్‌లో దొరికే బొమ్మలు, పట్టికలు వాడవచ్చా? నేను తయారుచేసింది నాదవుతుందా, కళాశాలదవుతుందా? ఇదివరకు నేనిచ్చిన పీపీటీని ఒకచోట నా పేరు తీసేసి వాడుకున్నారు. మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలి? ఇవన్నీ ఎక్కడ పెడితే నలుగురికీ అందుతాయి?
– ఒక గ్రంథపాలకురాలు, చిత్తూరు

సమాధానం: మీరు అడిగిన నాలుగింటికీ సమాధానాలున్నాయి, వాటిలో రెండింటికి చట్టమే చాలావరకు సూటిగా జవాబు చెబుతుంది. అయితే వాటికంటే ముందు తేల్చుకోవలసినదొకటి మీ ఉత్తరంలో లేదు. అసలు ఏ పాఠం తయారుచేయాలి అన్నది మీరు అడగలేదు. బొమ్మల అనుమతి, హక్కులు, ఎక్కడ పెట్టాలన్న ఆలోచన, ఇవన్నీ ఆ తరువాతివి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

సమాచార అక్షరాస్యత, అంటే సమాచారాన్ని వెతికి సరిచూసుకునే నేర్పు, అనగానే అమెరికాలోని కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం ఏసీఆర్ఎల్ 2016లో ఆమోదించిన ఫ్రేమ్‌వర్కును ముందు పెట్టుకుని, అందులోని ఆరు భావనలను వరుసగా తెలుగు చేయాలని మనకు అనిపిస్తుంది. ఆ పని పెట్టుకోవద్దని నా సలహా. ఆ పత్రం గ్రంథపాలకులు ఆలోచించుకోవడానికి రాసినదే తప్ప విద్యార్థుల చేతికి ఇవ్వడానికి రాసినది కాదు. ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఏర్పడుతుందని అందులో ఒక భావన ఉంది. మాట నిజమే, కానీ పలమనేరు నుంచి రోజూ బస్సులో వచ్చే బీకాం మొదటి సంవత్సరం అమ్మాయికి ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపిస్తే ఆమె మర్యాదగా తల ఊపుతుంది గానీ, ఆ రాత్రి ఫోనులో వెతికే తీరు మాత్రం మార్చుకోదు. పైగా ఆ పత్రం సీసీ బై ఎన్‌సీ ఎస్‌ఏ 4.0 లైసెన్సు కింద ఉంది (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ అనే ముందస్తు అనుమతి పత్రాలు; బై అంటే పేరు చెప్పాలి, ఎన్‌సీ అంటే వాణిజ్యానికి వాడకూడదు, ఎస్‌ఏ అంటే మార్చినదాన్ని అదే షరతుతో పంచాలి). దాన్ని అనువదించి పంచితే మీ అనువాదాన్ని కూడా అదే లైసెన్సు కింద, వాణిజ్యపరంగా వాడకూడదన్న షరతుతోనే ఇవ్వవలసి వస్తుంది. భావాలకు కాపీరైటు లేదు, వాటిని చెప్పిన మాటలకే ఉంది. ఆ ఆరు భావనలనూ మనసులో ఉంచుకుని మీ మాటల్లో, మీ ఉదాహరణలతో రాసుకుంటే ఏ షరతూ మీకు అడ్డురాదు.

మీ విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది ముగిశాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తారు కదా, ఆ నివేదికలు కొన్ని తెప్పించుకుని మొదటి రెండు మూడు పేజీలు మాత్రం చదవండి. జిల్లా పరిచయం అన్న శీర్షిక కింద, చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు అని రాసినవి మీకు కనబడితే నేను ఆశ్చర్యపోను. ఆ అంకె అబద్ధం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం చిత్తూరు జిల్లా జనాభా అంతే. కానీ అది 66 మండలాల చిత్తూరు; తిరుపతి, శ్రీకాళహస్తి, పీలేరు, మదనపల్లె అన్నీ అప్పటికి అందులోనివే. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య విడిపోయింది. కొత్త తిరుపతి జిల్లాలోకి పాత నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట వంటి ప్రాంతాలు కూడా వచ్చి చేరాయి. అందువల్ల ఇవాళ్టి చిత్తూరు గురించి రాస్తూ ఆ అంకె వేసిన విద్యార్థి, ప్రభుత్వ మూలం నుంచే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి కూడా, చదివేవారికి తప్పు సమాచారం ఇచ్చినట్టయింది.

సమాచార అక్షరాస్యతకు ఇంతకంటే మంచి తొలి పాఠం నాకు తోచడం లేదు. నకిలీ వార్తల గురించి చెబితే, అలాంటివి నమ్మేది వేరేవాళ్లని పిల్లలు అనుకుంటారు. ఇక్కడ మూలం మంచిదే, అంకె నిజమే, ఎత్తిరాయడంలో పొరపాటు లేదు, అయినా ఫలితం తప్పు. ఎక్కడ జారిందో వారే పట్టుకోవలసి ఉంటుంది.

దీన్ని పాఠంగా మలచడం తేలికే. ఒక ఏ4 కాగితం చాలు. ఒకవైపు పైభాగంలో మూడు పెట్టెలు గీయండి. మొదటి దానిలో 2011 జనాభా లెక్కల నుంచి జిల్లా మొత్తం జనాభా, రెండో దానిలో జిల్లాల విభజన గురించి మీరే రాసిన నాలుగు వాక్యాలు, మూడో దానిలో ఇప్పటి జిల్లాలోని మండలాల జాబితా ఉండాలి. వాటి కింద ప్రశ్నలు: ఈ అంకె ఏ సంవత్సరానిది? అప్పటి చిత్తూరు జిల్లాలో మీ ఊరు ఉందా? ఇప్పుడు మీ ఊరు ఏ జిల్లాలో ఉంది? ఇప్పటి జిల్లా జనాభా తెలియాలంటే ఏయే అంకెలు కూడాలి? కాగితం రెండోవైపు నాలుగు గడుల ఖాళీ పట్టిక: మండలం పేరు, 2011 జనాభా, అంకె దొరికిన చోటు, చూసిన తేదీ. జనగణన శాఖ ప్రచురించిన జిల్లా జనగణన పుస్తకంలో మండలాల వారీ అంకెలు ఉన్నాయి కాబట్టి, నలుగురైదుగురు కలిసి మండలాలను పంచుకుంటే ఒక తరగతి గంటలో లెక్క ఒక కొలిక్కి వస్తుంది. అంకె దొరికిన చోటు అన్న గడిలో ఎవరో ఒకరు గూగుల్ అని రాస్తారు. పాఠం అసలు అక్కడ మొదలవుతుంది. గూగుల్ చూపించిన ఆ పేజీ ఎవరు రాసినది, వారికి ఆ అంకె ఎక్కడిది అని అడిగి, ఆ గడిని కొట్టేయించి మళ్లీ రాయించండి. ఉపన్యాసం అక్కరలేదు.

ఈ ఉదాహరణ మీద ఇంతసేపు ఆగడానికి ఇంకొక కారణం ఉంది. మీరు దీన్ని విడుదల చేస్తే కడపలోనో అనంతపురంలోనో ఉన్న లైబ్రేరియన్ తన జిల్లా అంకెలు పెట్టుకుని ఇదే కాగితాన్ని వాడుకోవచ్చు. తెలంగాణలోనైతే 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. వరంగల్లులోని గ్రంథపాలకునికి ఈ పాఠం మనకంటే ఎక్కువ అవసరం. యునెస్కో 2019 నవంబరులో ఆమోదించిన సిఫారసులో బహిరంగ విద్యావనరులంటే ఉచితంగా చూడగలిగినవి మాత్రమే కాదు, తిరిగి వాడుకోవడానికి, తమ అవసరానికి తగ్గట్టు మార్చుకోవడానికి, మళ్లీ పంచడానికి అనుమతి ఉన్నవి అని నిర్వచనం ఉంది. ఆ మార్చుకోవడం అన్నది అనుమతి ఒక్కదానితో జరగదు, తయారీలోనే దానికి చోటు ఉండాలి. మీ ఊరి అంకెలు, పేర్లు అన్నీ ఆ మూడు పెట్టెల్లోనే ఉంచి, ప్రశ్నలను ఏ జిల్లాకైనా అతికేటట్టు రాస్తే, వరంగల్లు వారు పెట్టెలు మాత్రం మార్చుకుని మిగతాది యథాతథంగా వాడుకుంటారు. స్థానిక వివరాలు ప్రతి వాక్యంలోనూ కలిసిపోయి ఉంటే, మార్చడం కంటే కొత్తగా రాసుకోవడమే నయమనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో పంచిన పాఠాలు రెండోచోట బతకకపోవడానికి లైసెన్సు లేకపోవడం కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

రెండో పాఠం కావాలంటే దర్శనం టికెట్లను తీసుకోండి. టీటీడీ పేరుతో నడిచే నకిలీ వెబ్‌సైట్ల గురించి దేవస్థానం ఎన్నోసార్లు హెచ్చరించింది. బయటి ఊళ్లలోని బంధువులకు టికెట్లు బుక్ చేసిపెట్టే బాధ్యత మన ప్రాంతపు ఇళ్లలో సాధారణంగా పిల్లలదే. వెబ్ చిరునామాను కుడివైపు నుంచి చదవడం వారికి నేర్పండి. టీటీడీ అసలు చిరునామా టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్ అని ముగుస్తుంది. జీవోవీ డాట్ ఇన్ అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. తిరుమల, దర్శనం, బాలాజీ లాంటి మాటలు చిరునామా మొదట్లో ఎవరైనా పెట్టుకోవచ్చు, కాబట్టి చూడవలసినది సైటు పేరు చివర, దాని తరువాత ఏటవాలు గీతతో మొదలయ్యే భాగం కాదు. దీనితో పాటే, ఆ ముగింపు పేజీ ఎవరిదో చెబుతుందే గానీ అందులోని ప్రతి మాటా తాజాదని హామీ ఇవ్వదన్న సంగతి కూడా చెప్పాలి. జనాభా అంకె నేర్పినది అదే.

ఈ ఏడాదికి ఈ రెండు చాలు. పది యూనిట్ల కోర్సు పథకం వేసుకుంటే అది మీ కంప్యూటర్లోనే పాతబడుతుంది.

ఇక మీ మొదటి సందేహం. తరగతి గదిలో వాడుకోవడం వేరు, లోకానికి విడుదల చేయడం వేరు. 1957 నాటి మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో, బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు తీసుకునే ప్రతులకు మినహాయింపు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్సు దుకాణం మీద ప్రచురణ సంస్థలు వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2016లో ఆ మినహాయింపును విశాలంగానే అన్వయించింది. ఆ అండ మీ తరగతికి ఉంది. కానీ వేరొకరి బొమ్మను మీ పాఠంలో పెట్టి, దాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని మీరు అనుమతి ఇవ్వడానికి ఆ మినహాయింపు పనికిరాదు, ఎందుకంటే మీ చేతిలో లేని హక్కును మీరు ఇతరులకు ఇవ్వలేరు. నెట్‌లో దొరికిన బొమ్మ కింద లైసెన్సు ఏమీ రాసి లేకపోతే అన్ని హక్కులూ తీసినవారివేనని అర్థం చేసుకోవాలి. మీ అమెరికా స్లైడ్లకూ ఇదే వర్తిస్తుంది. అసలు పేజీ అడుగున ఏ లైసెన్సు ఉందో చూడండి, ఏమీ లేకపోతే వాటిని పక్కన పెట్టేయండి. వాటిని తెలుగు చేసినంత మాత్రాన అవి మీవి కావు.

బొమ్మలు లేకుండా పాఠం బోసిపోతుందనుకోవద్దు. మీ గ్రంథాలయం అరలను, కేటలాగు తెరను మీ ఫోనుతోనే ఫొటో తీయండి. విద్యార్థుల ముఖాలు పడితే వారి అనుమతి తీసుకోండి. పట్టికలు మీరే గీయండి. అంకెలకు కాపీరైటు ఉండదు గానీ వాటిని అమర్చిన పటానికి, చిత్రానికి ఉంటుంది. వికీమీడియా కామన్స్‌లోని బొమ్మలు వాడుకోవచ్చు, అయితే బొమ్మ కిందనే బొమ్మ పేరు, తీసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్సు, మీరేమైనా మార్చి ఉంటే ఆ మార్పు, ఈ ఐదూ ఒక్క వరుసలో రాయండి. తెలుగు వికీపీడియా వ్యాసంలోని పేరాలను తీసుకుని మార్చి రాసుకుంటే ఆ భాగం సీసీ బై ఎస్‌ఏ లైసెన్సులోనే ఉండాలి. దాన్ని, వాణిజ్య వినియోగం వద్దనే ఎన్‌సీ ఎస్‌ఏ లైసెన్సులో ఉన్న మరో రచనతో కలిపి ఒకే పాఠంగా అల్లడం కుదరదు. ఒక లైసెన్సు కోరినది రెండోది ఒప్పుకోదు. ఈ చిక్కుముడి పడకుండా ఉండాలంటే ముందుగానే మీ మాటల్లో రాసుకోవడమే సుఖం.

మన ప్రాంతంలో ఇంకొక ఆశ కలుగుతుంది, అన్నమాచార్య సంకీర్తనలు. రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్లకు మన దేశంలో కాపీరైటు తీరిపోతుంది కాబట్టి అయిదు వందల ఏళ్ల నాటి సాహిత్యం అందరిదీ. కానీ ఇటీవలి ముద్రణలోని పీఠికకు, వ్యాఖ్యానానికి, గాయకులు పాడిన రికార్డింగుకు హక్కులు వేరేవారికి ఉండవచ్చు. వాట్సాప్‌లో అన్నమయ్య పేరుతో తిరిగే పాట ఆయనదేనా అని తేల్చడానికి, ఏ సంపుటం, ఏ రాగిరేకు అని అడగడం నేర్పితే అది కూడా చక్కని పాఠమే అవుతుంది. మూడో ఏటికి దాచిపెట్టుకోండి.

రెండో సందేహానికి చట్టం 17వ సెక్షన్ జవాబు చెబుతుంది. ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన రచనకు, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, మొదటి హక్కుదారు యజమానే. మీ విషయంలో అది కళాశాల యాజమాన్యం. ఇంట్లో, ఆదివారం కూర్చుని రాశానన్న వాదన ఉంటుంది గానీ, మీ ఉద్యోగ బాధ్యతల్లో విద్యార్థుల శిక్షణ ఉన్నప్పుడు దాని మీద ఆధారపడకపోవడం మంచిది. భయపడవలసిందేమీ లేదు, అనుమతి అడగాలి, రాతపూర్వకంగా అడగాలి, అంతే. ప్రిన్సిపాల్ గారి ద్వారా కరస్పాండెంట్ గారికి ఇలా ఒక ఉత్తరం పెట్టండి: ‘మన కళాశాల గ్రంథాలయం విద్యార్థుల శిక్షణ కోసం తయారుచేసే పాఠ్యసామగ్రిని, తయారుచేసినవారి పేరు, కళాశాల పేరు ఉంచి, క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేయడానికి అనుమతి కోరుతున్నాను. ఈ లైసెన్సు ఒకసారి ఇచ్చిన తరువాత వెనక్కి తీసుకోవడానికి వీలుండదని మనవి.’ ఆ చివరి వాక్యాన్ని దాచవద్దు. రేపు యాజమాన్యం మారి, ఎవరిచ్చారు ఈ అనుమతి అని అడిగినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ వాక్యమే. సంతకం, తేదీ వేయించి ఒక ప్రతి మీ ఫైలులో ఉంచుకోండి. ప్రభుత్వ కళాశాలల్లో పనిచేసే మీ మిత్రులకు ఈ దారి కాస్త పొడుగు, ఎందుకంటే ప్రభుత్వ రచనలకు తొలి హక్కుదారు ప్రభుత్వమే కాబట్టి ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటే సరిపోకపోవచ్చు.

పేరు తీసేసి వాడుకున్న సంగతి రాసినప్పుడు మీకు కలిగిన బాధ మీ అక్షరాల్లో కనబడింది. అది అన్యాయమే. అయితే దానికి మందు దాచుకోవడం కాదు, మరింత కఠినమైన లైసెన్సు కూడా కాదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆరు. ఆరింటిలోనూ పేరు చెప్పి తీరాలన్న షరతు ఉంది. మీకు కావలసిన రక్షణ అన్నిటికంటే ఉదారమైన సీసీ బై లోనే ఉంది. పేరు చెప్పకుండా వాడుకున్నవారికి ఆ క్షణమే అనుమతి రద్దవుతుంది. తప్పు తెలిసిన ముప్పై రోజుల్లోగా సరిదిద్దుకుంటే 4.0 లైసెన్సు ప్రకారం తిరిగి వస్తుంది. కాబట్టి అలాంటి సందర్భంలో కోర్టు మాట ఎత్తకుండా, ‘పేరు చేర్చండి, వాడుకోండి’ అని మర్యాదగా రాయడానికి మీకు ఆధారం ఉంటుంది.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు మిత్రులు మీకు రెండు సలహాలు ఇస్తారు. వాణిజ్య వినియోగం వద్దని ఎన్‌సీ పెట్టమనేది మొదటిది. కోచింగ్ సెంటర్లు ఎత్తుకుపోతాయన్న భయం నాకు తెలుసు. కానీ ఎన్‌సీ పెడితే, ప్రైవేటు కళాశాలలోని లైబ్రేరియన్, జిరాక్సు దుకాణదారు, రుసుము తీసుకుని శిక్షణ తరగతులు నడిపేవారు, వీరందరూ తమకు వర్తిస్తుందో లేదో తెలియక ఆగిపోతారు. వికీమీడియా కామన్స్ కూడా ఆ షరతున్న వాటిని తీసుకోదు. ఎవరూ మార్చకూడదని ఎన్‌డీ పెట్టమనేది రెండో సలహా. అది పెడితే వరంగల్లు వారు తమ అంకెలు పెట్టుకుని పంచలేరు, కన్నడంలోకి మార్చి కోలారు వారు పంచలేరు, కాబట్టి అది బహిరంగ విద్యావనరు కిందికే రాదు. మీ పాఠాన్ని మార్చినవారు కూడా అదే విధంగా పంచాలని మీకు పట్టింపు ఉంటే సీసీ బై ఎస్‌ఏ ఎంచుకోండి. లేకపోతే సీసీ బై చాలు.

లైసెన్సు ఎంత మంచిదైనా అది ఫైలులో కనబడాలి. మన దగ్గర పాఠాలు వెబ్‌సైట్ల ద్వారా కంటే వాట్సాప్ గ్రూపుల ద్వారానే ఎక్కువగా తిరుగుతాయి. అక్కడ ఫైలుతో పాటు మీరు రాసిన సందేశం రెండో ఫార్వర్డుకే ఊడిపోతుంది. అందుకని ప్రతి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, మీ పేరు, కళాశాల, సంవత్సరం, లైసెన్సు, అసలు ప్రతి ఉన్న చిరునామా ఒకే వరుసలో ఉంచండి. మొదటి పేజీలో మాత్రమే పెడితే రెండో పేజీని విడిగా జిరాక్సు తీసినవారికి ఆ సమాచారం అందదు. జిరాక్సు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మీ కాగితం రంగుల్లో పుట్టినా నలుపు తెలుపులోనే బతుకుతుంది. ఎర్ర అక్షరాల్లో ఉన్నవి తప్పులు, ఆకుపచ్చవి ఒప్పులు అని రాస్తే జిరాక్సు ప్రతిలో రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ పాఠాలు చెడేది అక్షరాల దగ్గర. డీటీపీ దుకాణంలో టైపు చేయిస్తే అను వంటి, యూనికోడు (తెలుగు అక్షరాలను అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే పద్ధతి) కాని ఫాంట్లలో చేసి పీడీఎఫ్ చేతికి ఇవ్వడం మన ఊళ్లలో మామూలు. చూడడానికి అక్షరాలు ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ పీడీఎఫ్‌లో జనాభా అన్న మాట కోసం వెతికితే దొరకదు, ఒక పేరా కాపీ చేసి వర్డ్ ఫైలులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి, చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ కూడా ఆ గుర్తులనే చదువుతుంది. సమాచారాన్ని వెతకడం నేర్పే పాఠం తానే వెతుకులాటకు దొరకదు. యూనికోడులో మీరే టైపు చేయండి. ఫోనులో తెలుగు కీబోర్డుతో సందేశాలు పంపేవారికి ఇది కొత్త విద్యేమీ కాదు. ఫాంటు కూడా స్వేచ్ఛగా పంచుకోగలిగినదే ఎంచుకోండి: నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, ఫైలుతో పాటు ఫాంటునూ పంపవచ్చు.

పీడీఎఫ్ ఒక్కటే ఇవ్వవద్దు. ముద్రించుకోవడానికి పీడీఎఫ్, మార్చుకోవడానికి వర్డ్ గానీ లిబ్రే ఆఫీసు గానీ ఫైలు, రెండూ కలిపి ఇవ్వండి. వాటికి తోడు ఒక్క పేజీలో పాఠం చెప్పేవారికి సూచన రాయండి: ఎంతసేపు పడుతుంది, ఎన్ని ప్రతులు కావాలి, నెట్ లేకపోతే ఏం చేయాలి, ఏ పెట్టెలో ఏ అంకె మార్చుకోవాలి, పిల్లలు ఎక్కడ ఆగిపోతారు. ఈ చివరిది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పాఠం కంటే ఈ పేజీనే ఇతర లైబ్రేరియన్లు ముందు చదువుతారని నా అంచనా.

ఎక్కడ పెట్టాలన్నది మీరు అనుకున్నంత పెద్ద సమస్య కాదు. మీ సొంత గూగుల్ డ్రైవులో మాత్రం అసలు ప్రతిని ఉంచకండి. ఆ ఖాతా మీది, కళాశాలది కాదు. అనుమతి కోరండి అన్న తెర ముందు అవతలివారు ఆగిపోతారు, మీరు పదవీ విరమణ చేశాక జవాబిచ్చేవారుండరు. కళాశాలకు తన ఫైళ్లను భద్రపరచి నెట్‌లో అందరికీ చూపే, డీస్పేస్ వంటి సాఫ్ట్‌వేరుతో నడిచే సంస్థాగత భాండాగారం ఉంటే ఒక ప్రతి అక్కడ ఉంచి, అసలు ప్రతిని జెనోడోలో పెట్టండి. యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ 2013 నుంచి నడుపుతున్న ఆ భాండాగారంలో ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. పెట్టిన ప్రతిదానికీ డీవోఐ అనే శాశ్వత సంఖ్య వస్తుంది. మీరు మార్పులు చేసి కొత్త కూర్పు పెడితే దానికి కొత్త సంఖ్య, అన్ని కూర్పులకూ కలిపి ఒక ఉమ్మడి సంఖ్య ఉంటాయి. పేజీ అడుగున రాయవలసినది ఆ ఉమ్మడి సంఖ్యే. ఎవరు ముందు తయారుచేశారన్న ప్రశ్న వస్తే ఆ నమోదు తేదీ మీకు సాక్ష్యమవుతుంది. అక్కడ వివరాలు నింపేటప్పుడు శీర్షికను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వండి, భాష తెలుగు అని ఎంచుకోండి. కేటలాగు చేయడం వచ్చిన మీకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. ఆ తరువాత లింకును వాట్సాప్ గ్రూపులో నిస్సంకోచంగా వేయండి.

విడుదలకు ముందు రెండు పరీక్షలు పెట్టండి. మీ కళాశాల తెలుగు అధ్యాపకులతో చదివించండి, భాష కోసం కాదు, ప్రశ్న రెండు అర్థాలకు తావిస్తోందేమో చూడడానికి. ఆ తరువాత, మీరు నోరు విప్పకుండా, వేరే అధ్యాపకులెవరితోనైనా ఆ సూచనల పేజీ ఆధారంగా పాఠం చెప్పించి, మీరు వెనక బెంచీలో కూర్చుని వినండి. మీరు నోటితో కలుపుకుంటూ వచ్చిన విషయాల్లో కాగితం మీద లేనివి ఎన్నో అప్పుడు బయటపడతాయి. ఒకరిద్దరు ఇతర కళాశాలల వారికి, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్సు చదువుతున్న విద్యార్థులకు కూడా ముందుగా పంపి చూడండి. వారి ఊరి అంకెలు పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో అడగండి. అరగంట దాటితే పెట్టెలను మళ్లీ సరిచేయాలి.

విడుదలయ్యాక మీకు దిద్దుబాట్లు వస్తాయి. కొత్త జనాభా లెక్కలు వచ్చినప్పుడు అంకెలన్నీ మారతాయి, చిరునామాలు మారతాయి, ఎక్కడో ఒక లైబ్రేరియన్ మీకంటే మంచి ప్రశ్న రాసి పంపుతారు. మొదటి పేజీ చివర మార్పుల పట్టిక ఒకటి పెట్టి, కూర్పు సంఖ్య, తేదీ, ఏం మారింది, ఎవరు సూచించారు అన్నవి అందులో రాస్తూ పోండి. సూచించినవారి పేరు రాసే ముందు వారిని ఒక మాట అడగండి. కొందరు తమ పేరు వద్దంటారు, వారికి గ్రంథాలయం పేరు వేస్తే సరిపోతుంది.